బొంత మిషన్ మీద పెట్టే ముందు

కార్తీకం దాటితే పాత చీరల మూటలు విప్పి బొంతలు కుట్టే హడావుడి మొదలవుతుంది. ముడతలు పడ్డాక అందరూ మిషన్నే తిడతారు గానీ, చాలావరకు అవి గచ్చు మీద పరిచేటప్పుడే పడతాయి.

మన కోనసీమలో వానలు వెనకబట్టినా చెమ్మ వదలదు. ఆరిందనుకున్న నూలు చీర మడత విప్పితే చల్లగా తగులుతుంది. దాన్ని ఓ పూట ఎండలో వేసి, ఇస్త్రీ చేశాకే వాడండి. కొత్త గుడ్డయితే, బండార్లంక నేతైనా బజారు తానైనా, ముందు ఉతకాల్సిందే. కుదించుకునేదేదో కుట్టకముందే కుదించుకోవాలి. పాత చీరకు ఫాల్ ఊడదీయండి, జరీ అంచు కత్తిరించేయండి. అంచు నేత దిట్టం, మధ్య నేత పల్చన. రెంటినీ కలిపి కుడితే అంచు పక్కనే గుడ్డ కుచ్చుపడుతుంది.

అడుగు గుడ్డ నాలుగు వైపులా మూడేసి అంగుళాలు ఎక్కువుండాలి. దాన్ని గచ్చు మీద పరిచి అంచులకు టేపు అంటించండి. సాపుగా ఉంటే చాలు. బిగలాగితే టేపు తీయగానే అది వెనక్కి లాక్కుంటుంది, పైపొర ముడుచుకుపోతుంది. దానిమీద దుప్పటి, ఆపైన పైగుడ్డ పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు సర్దుతూ బెత్తెడుకో పిన్నీసు పెట్టండి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఏం చేసినా దండగే. పిన్నీసులతో నెలల తరబడి మూలన పడేయకండి, ఈ చెమ్మకు తుప్పు మరక ఖాయం.

మిషన్‌లో కింది పళ్లు అడుగు పొరను లాగుతుంటే, గుడ్డను పైనుంచి నొక్కిపట్టే పాదం పై పొరను ఆపుతుంది. వాకింగ్ ఫుట్ అనే ప్రత్యేక పాదం రెంటినీ కలిపి నడుపుతుంది. మీ మిషన్‌కు సరిపడేది దొరక్కపోతే, పాదాన్ని నొక్కే మర కాస్త వదులు చేయండి. కుట్టు 3 మిల్లీమీటర్లు, సూది 14 లేదా 16 నంబరు. దారం బిగువు అవే పొరల ముక్క మీద చూసుకోండి.

మొదటి వరుస నడిమధ్యన వేసి, అక్కణ్ణుంచి అంచులకు రండి. వరుసలన్నీ ఒకే కొస నుంచి మొదలుపెడితే బొంత ఓ పక్కకు వంకరపోదు. బరువు కిందికి వేలాడకుండా ఎడమ పక్క బల్ల, వెనక కుర్చీ వేసుకోండి. పాదం ముందు గుడ్డ ఉబ్బితే సూది దించి, పాదం ఎత్తి సర్దండి. అప్పటికే ముడత పడిపోతే ఆ వరుస విప్పేయండి, ఇస్త్రీతో పోయేది కాదు.