వరద తీసిన ఇంటిని కడిగేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

ధవళేశ్వరం వద్ద గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారని డెల్టాలో ప్రతి ఇంటికీ తెలుసు. పెద్ద వరదలు ఆగస్టులోనే వస్తాయని నమ్మి 1986 ఆగస్టు నాటి ముంపును తలుచుకునే ఊళ్లకు, 2022లో జూలైలోనే ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి పడింది. అందువల్ల లంక గ్రామాలలోను, ఏటిగట్టు లోపల ఉన్న పేటలలోను కాపురం ఉండేవారు ఇల్లు శుభ్రం చేసే సామగ్రిని జూన్ నెలాఖరుకే సిద్ధం చేసుకోవడం మంచిది. నీరు తీసిన వారంలో కాజ్‌వేలు మునిగి ఉంటాయి, కొట్లు తెరిచి ఉండవు, ఉన్న సరుకు తడిసిపోయి ఉంటుంది.

కావలసినవి ఎక్కువేమీ కావు. బట్టల సబ్బు లేదా సబ్బు పొడి, బ్లీచింగ్ పౌడరు, పటిక, గట్టి చీపురు, కొబ్బరి పీచు, రెండు ప్లాస్టిక్ బకెట్లు, రబ్బరు చేతి తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు ఉంటే చాలు. బ్లీచింగ్ పౌడరు తేమ తగిలితే కొద్ది వారాలలోనే సత్తువ కోల్పోతుంది. దానిని మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, వంటింటికి దూరంగా, పిల్లలకు అందని అటక మీద ఉంచాలి. మూత తీసినప్పుడు ఘాటు వాసన రాని పౌడరును నమ్ముకోకూడదు.

నీరు తీసిందని తెలియగానే ఇంట్లోకి పరుగెత్తే వారి ఆత్రుత అర్థం చేసుకోదగినదే. అయినా గుమ్మం దాటే ముందు మెయిన్ స్విచ్ ఆపి ఉందో లేదో తెలుసుకోవాలి. మెయిన్ దాకా వెళ్లడానికే తడిలో నిలబడవలసి వస్తే దానిని ముట్టుకోక, లైన్‌మన్‌ను పిలిపించాలి. తడిసిన గోడల్లోని వైర్లను, స్విచ్ బోర్డులను, ఫ్రిజ్‌ను, మోటారును ఎలక్ట్రీషియన్ పరీక్షించేదాకా కరెంటు వేయకూడదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మెయిన్ ఆపినా వైర్లలో విద్యుత్తు ఉండవచ్చని గుర్తుంచుకోవాలి.

రెండవ భయం పాములది. వరద నీటికి కొట్టుకువచ్చిన కట్లపాము, నాగుపాము, రక్తపింజర వంటివి దూలాల మీద, పెంకుల సందుల్లో, మడత మంచాల కింద, కట్టెల మోపులో తలదాచుకుంటాయి. అందువల్ల దేనినీ చేత్తో ఎత్తక ముందు పొడవాటి కర్రతో కదిలించి, టార్చి వేసి చూడాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం చేయకుండా, కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. పడవ మీద వెళ్లవలసిన ఊళ్లలో పడవ ఎవరిదో, ఏ ఆసుపత్రికి తీసుకువెళ్లాలో ముందే మాట్లాడి పెట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

ఇక కడగడం. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి గనుక దీనిని వివరంగా చెప్పవలసి ఉంది. గోదావరి వదిలి వెళ్లిన ఒండ్రుమట్టి చేనుకు మేలు చేస్తుందేమోగాని, ఇంట్లో మాత్రం మరుగుదొడ్ల మురుగు, చచ్చిన పశువుల కుళ్లు, పొలాల పురుగుమందులు కలిసిన బురదగానే దానిని చూడాలి. ఎండితే అది రాయిలా గట్టిపడుతుంది, గీకితే దుమ్ముగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగా ఉండగానే పారతో, చీపురుతో బయటికి నెట్టి, గోడలను పైనుంచి కిందికి, నేలను లోపలి గది నుంచి వాకిలి వైపుకు సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి. ఆ తరువాతనే బ్లీచింగ్ నీళ్లు వాడాలి. బురద మీదనే బ్లీచింగ్ పౌడరు చల్లితే అందులోని క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చైపోయి క్రిముల దాకా చేరదు. వీధుల్లో, గుమ్మాల ముందు తెల్లగా పొడి చల్లి ఊరుకోవడం వల్ల మనసుకు కలిగేంత ధైర్యం ఆరోగ్యానికి కలగదన్నది నా దృఢమైన అభిప్రాయం.

మంచి బ్లీచింగ్ పౌడరులో మూడింట ఒక వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. లీటరు నీటికి 15 గ్రాముల చొప్పున ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన నీటితో నేలను, గోడల కింది భాగాన్ని, గడపలను తడిపి పది నిమిషాల తరువాత మంచినీళ్లతో కడిగివేయాలి. అల్యూమినియం, ఇనుము పాత్రల్లో దీనిని కలపరాదు. తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి ఉంచాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, కలిపిన నీటిని ఆ రోజే వాడేయాలి.

ఈ బ్లీచింగ్ నీటిని మరి దేనితోనూ కలపకూడదు. మరుగుదొడ్డి కడగడానికి కొట్లలో అమ్మే యాసిడ్‌తో గాని, వెనిగర్‌తో గాని, నిమ్మరసం, చింతపండు పులుసుతో గాని కలిస్తే దాని నుంచి క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్లతో కలిసినా విషవాయువు పుడుతుంది. రెండూ మంచివే కదా, కలిపితే మరింత శుభ్రమవుతుందన్న ఆలోచన గాలి ఆడని చిన్న బాత్‌రూమ్‌లో ప్రాణం మీదికి తెస్తుంది. ఒక రోజు యాసిడ్ వాడిన బేసిన్‌ను బాగా నీళ్లు పోసి కడిగి, బ్లీచింగ్‌ను మరునాటికి వాయిదా వేయాలి. పొరపాటున కలిసి ఘాటు లేచి, కళ్లు మండి, దగ్గు తెర వస్తే, ఆ మనిషిని వెంటనే బయటి గాలిలోకి తీసుకువచ్చి, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాల పాటు ధారగా మంచినీళ్లు పోస్తూ కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

వంటింటి సరుకులకు కూడా వాటి పని, వాటి హద్దు ఉన్నాయి. చింతపండు, ఉప్పు ఇత్తడి బిందెల చిలుమును చక్కగా వదలగొడతాయి. వంట సోడా జిడ్డును, ఫ్రిజ్‌లోని కంపును తీస్తుంది. వెనిగర్ కుళాయిల మీది ఉప్పునీటి చారలను కరిగిస్తుంది, కాని నాపరాళ్లను, చలువరాతిని తినేస్తుంది. వంట సోడాను, వెనిగర్‌ను కలిపి పొంగించి వాడే పద్ధతి ఇప్పుడు విరివిగా చెబుతున్నారు. ఆ రెండూ ఒకదాని శక్తిని ఒకటి చంపుకుంటాయి గనుక విడివిడిగా వాడడమే మేలు, కలిపిన దానిని సీసాలో పోసి మూత బిగిస్తే సీసా పగలవచ్చు. చాకలి సోడా అల్యూమినియం గిన్నెలను నల్లబరుస్తుంది, చేతుల చర్మాన్ని ఒలుస్తుంది. వేపాకు, పసుపు వాడాలనుకునేవారు వాడుకోవచ్చును గాని, మురుగు తాకిన నేలకు అవి సబ్బుకు, బ్లీచింగ్‌కు బదులు కావు. పేడ నీళ్లతో అలకడం మన ఆచారమే అయినా, పేడలో ధనుర్వాత క్రిముల బీజాలు ఉండే అవకాశం ఉన్నందున, కాళ్లకు చేతులకు గీతలు, గాయాలు ఉన్న ఆ రోజులలో కొద్ది వారాలు ఆగడం క్షేమం. గోడలకు సున్నం వేయాలనుకుంటే గోడ పూర్తిగా ఆరాలి. కాల్చిన సున్నపురాయిని తడిపేటప్పుడు సలసల మరిగి కళ్లలోకి చిందుతుంది గనుక పిల్లలను దూరంగా ఉంచాలి.

గాయం ఉన్న కాలితో బురదలోకి దిగినవారికి, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల ఎలుక జ్వరం రావచ్చు. వరద తరువాత రెండు మూడు వారాలలో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ల ఎరుపు కనిపిస్తే, బురదలో పని చేసిన సంగతిని డాక్టరుకు తప్పక చెప్పాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఆరోగ్య కేంద్రంలో అడగడానికి మొహమాటపడకూడదు.

నానిన దూది పరుపులు, దిండ్లు, బియ్యం, పిండి, మునిగిన మందులు పారేయవలసినవే. పరుపు చేయించుకున్న ఖరీదు తలుచుకుంటే కష్టంగానే ఉంటుంది గాని, లోపల పట్టిన బూజు ఎండకు పోదు. స్టీలు, గాజు సామాను సబ్బుతో తోమి మరిగే నీళ్లలో ముంచితే సరిపోతుంది.

మునిగిన నూతిని మొదట తోడించి, ఒరలను రుద్ది కడిగించాలి. వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు అన్నది సాధారణ లెక్క. మీటరు వెడల్పున్న ఒరల నూతిలో మూడు మీటర్ల నీరుంటే అది సుమారు 2,350 లీటర్లు, అంటే ఆరు గ్రాములు. ముంపు తరువాత దానికి రెట్టింపు వేయడం వాడుక. సరైన మోతాదును పంచాయతీ సిబ్బందిని, ఆరోగ్య కార్యకర్తను అడిగి నిర్ణయించుకోవాలి. పౌడరు వేసిన గంట దాకా ఆ నీరు తోడరాదు. బిందెలో పటిక తిప్పినా, చిల్లగింజ అరగదీసినా ఎర్రనీరు తేరుతుందే గాని క్రిములు చావవు. అందుచేత తేర్చిన నీటిని వడకట్టి, తెర్లే దాకా కాచి, చల్లారిన తరువాత ఆ గిన్నెలోనే మూత పెట్టి ఉంచుకుని తాగాలి. మిగిలిన యాసిడ్‌ను, కిరోసిన్‌ను, బ్లీచింగ్ నీటిని తాగునీటి సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఎన్నడూ పెట్టరాదు. పిల్లవాడు పొరపాటున తాగితే వాంతి చేయించకుండా, ఆ సీసాను కూడా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి.