ఇంటి ఇంటర్నెట్: ప్లాన్‌లోని అంకెల నుంచి ఎర్ర దీపం దాకా

ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకునేటప్పుడు ముందుగా అర్థం చేసుకోవలసిన మాట ఎంబీపీఎస్. సెకనుకు ఎన్ని మెగాబిట్లు వచ్చిపోగలవో చెప్పే కొలత అది. మనం సినిమాలనూ ఫొటోలనూ కొలిచేది మెగాబైట్లలో; ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అందువల్ల 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు గరిష్ఠంగా 12.5 మెగాబైట్లు మాత్రమే దిగుతాయి, 1 జీబీ ఫైలుకు దాదాపు 80 సెకన్లు పడుతుంది. డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు 11 అనో 12 అనో అంకె చూసి మోసపోయామని బాధపడేవారు చాలామంది ఉన్నారు. ఆ అంకె కనిపించిందంటే లైను చక్కగా ఉన్నట్లే.

మన వైపు నుంచి బయటికి వెళ్లే వేగాన్ని అప్‌లోడ్ అంటారు. వీడియో కాల్‌లో మన బొమ్మ అవతలివారికి ఆగి ఆగి కనిపిస్తుంటే ముందు చూడవలసింది దీనినే. పింగ్ అంటే మనం పంపిన సంకేతం అవతలికి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం. దీనిని మిల్లీసెకన్లలో కొలుస్తారు, ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

‘అన్‌లిమిటెడ్’ అన్న మాట పక్కనే చిన్న అక్షరాలలో ఉండే ఎఫ్‌యూపీని తప్పక చదవాలి. నెలకు ఇంత డేటా వాడిన తరువాత వేగం తగ్గిస్తామని చెప్పే నిబంధన అది. చాలా ప్లాన్లలో ఈ హద్దు 3300 జీబీ, అంటే 30 రోజుల నెలలో రోజుకు 110 జీబీ కాబట్టి మామూలు కుటుంబం అంతవరకు వెళ్లదు. హద్దు దాటాక ఎంత వేగం మిగులుతుందో మాత్రం అడిగి తెలుసుకోండి. 2023 జనవరిలో కేంద్ర టెలికాం శాఖ బ్రాడ్‌బ్యాండ్ కనీస డౌన్‌లోడ్ వేగాన్ని 512 కేబీపీఎస్ (దాదాపు అర ఎంబీపీఎస్) నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. హద్దు దాటాక మిగిలేది ఆ 2 ఎంబీపీఎస్ మాత్రమే అయితే దానితో ఇల్లంతా గడవడం కష్టం.

ఫైబర్ తీగ, అంటే కాంతి రూపంలో డేటాను మోసే సన్నని గాజు తీగ, ఇంట్లోకి వచ్చి చేరే పెట్టెను ఓఎన్‌టీ అంటారు, వాడుకలో మోడెమ్ అనే పిలుస్తాం. దాని మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే లైనులో కాంతి మన ఇంటి దాకా రావడం లేదని అర్థం. అప్పుడు పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు. తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూసి, వెంటనే ఫిర్యాదు చేయాలి. తీగ కొసలోకి కంటితో తొంగి చూడవద్దు. బాగుచేయడానికి వచ్చినవారు తీగలో కాంతి పవర్ ఎంత వస్తోందో డీబీఎం అనే కొలతలో చూసి చెబుతారు: మైనస్ 20 ప్రాంతంలో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, మైనస్ 27 కంటే కిందికి పడిపోతే కనెక్షన్ మాటిమాటికీ తెగుతుంది.

వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అన్నది రౌటర్‌కూ (మోడెమ్ నుంచి వచ్చే ఇంటర్నెట్‌ను ఇంట్లో పంచే పెట్టె) మన ఫోనుకూ మధ్య ఉండే దారి మాత్రమే. అందులో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు గోడలు దాటి దూరం వెళుతుంది కానీ వేగం తక్కువ, పైగా అపార్ట్‌మెంట్లలో చుట్టుపక్కల రౌటర్లన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది. రౌటర్‌ను టీవీ వెనుకో ఇనుప బీరువా పక్కనో కాకుండా ఇంటి నడుమ కాస్త ఎత్తులో పెట్టండి.

కేబుల్ విషయం నేను అనుభవం మీద నేర్చుకున్నాను. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా మా ఇంట్లో వేగం ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగేది. నెల రోజులు తిప్పలు పడ్డాక మోడెమ్ నుంచి రౌటర్‌కు వెళ్లే లాన్ కేబుల్ కొసను వెలుతురులో పట్టుకుని చూస్తే, పారదర్శకమైన ఆ ప్లాస్టిక్ ముక్కలో ఎనిమిది తీగలు ఉండవలసిన చోట నాలుగే కనిపించాయి. నాలుగు తీగలతో 100 ఎంబీపీఎస్ లింకు మాత్రమే వస్తుంది. ఎనిమిది తీగలూ ఉండే క్యాట్ 5ఈ రకం కేబుల్ మార్చిన రోజే పూర్తి వేగం వచ్చింది. రౌటర్‌లో కేబుల్ గుచ్చే పోర్టు కూడా గిగాబిట్‌దై (1000 ఎంబీపీఎస్ దాకా మోసేదై) ఉండాలి; 10/100 అని రాసి ఉంటే కేబుల్ మార్చినా ఫలితం ఉండదు.

కాబట్టి ఫిర్యాదుకు ముందు ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా మోడెమ్‌కు కలిపి ఒకసారి, ఫోనులో వైఫై మీద మరోసారి వేగం కొలిచి రెండు అంకెలూ రాసి పెట్టుకోండి. కేబుల్ మీద కూడా తక్కువే వస్తే, ఆ అంకెతో పాటు ఎల్‌ఓఎస్ దీపం రంగు, కొలిచిన సమయం ఫిర్యాదు చేసే ఫోనులోనే చెప్పండి.