పాత కారు అడుగు జంగు: ఇంటి దగ్గరే కోసి అతికే పద్ధతి

మా మేనమామ పద్మిని కారు పరకాల దగ్గరి పల్లెలో పశువుల కొట్టం పక్కన పదకొండేండ్లు కదలకుండా నిలబడి, ఆ తర్వాత హనుమకొండలోని మా ఇంటి వాకిట్లోకి చేరింది. పైన రంగు మెరుస్తూనే ఉంది. కానీ తలుపు కింద జాకీ పెట్టి నాలుగు తిప్పులు తిప్పేసరికి కారు లేవలేదు, జాకీ తలే రేకును చీల్చుకుని లోపలికి పోయింది. అంతకు ముందెప్పుడో ఒక డెంటర్, అంటే బాడీ రేకులు బాగుచేసేవాడు, అక్కడ జంగు (తుప్పు) మీదనే రేకు ముక్క అతికి, పుట్టీ పూసి, నల్లరంగు కొట్టి పంపించాడని గ్రైండర్ పెట్టాక తెలిసింది. ఆ జంగు రేకును కోసేసి కొత్తది అతికే పనిని రెండు చలికాలాల్లో నేనే ఇంటి దగ్గర చేసుకున్నాను గనుక, దాని వరుసను నా పొరపాట్లతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ఓరుగల్లుకు సముద్రపు గాలి లేదు. ఇక్కడి కార్లకు జంగు ఎక్కువగా లోపలి నుంచే మొదలవుతుంది. ముందు అద్దం రబ్బరు ఎండి పగిలిన చోట వాన నీళ్లు దిగి కార్పెట్ కింది ఫెల్టులో ఇంకుతాయి. చెలక మట్టి, రేగడి మట్టి చక్రాల గూళ్లలో మెత్తుకుని తడిని వారాల తరబడి పట్టి ఉంచుతాయి. నీళ్లు కారిపోవడానికి అడుగున ఉంచిన రంధ్రాలు ఆ మట్టితోనే మూసుకుపోతాయి. పశువుల దగ్గర నిలిపిన కారుకైతే మూత్రంలోని లవణాలు ఆ పనిని ఇంకా తొందరగా కానిస్తాయి. ఇనుము జంగుగా మారినప్పుడు దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది కాబట్టి, రెండు రేకుల నడుమ పుట్టిన జంగు ఉలి దించినట్టు వాటిని విడదీసి, రేకులను చుక్కలు చుక్కలుగా కలిపిన స్పాట్ వెల్డింగులను కూడా ఊడగొడుతుంది.

ఫియట్ 1100 నుంచి పుట్టిన పద్మినికి గానీ, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్‌కు గానీ జీపుకున్నట్టు విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం, ఉండదు. మడిచిన రేకులను పెట్టెల్లాగా అతికిన బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టె లాంటి పట్టీ, అంటే సిల్, ఇందులో ముఖ్యమైనది. దానితో పాటు ఫ్లోరు అంచులు, అడుగున అడ్డంగా పోయే క్రాస్ మెంబర్లు, తలుపు కీళ్లు పట్టే స్తంభాల మొదళ్లు, సీటు బోల్టులు దిగే చోట్లు, వెనక కమాను పట్టీల కొసలు బాడీకి తగిలే కొక్కేలు బలం మోసే భాగాలు. తలుపు రేకుకో బానెట్‌కో డిక్కీ మూతకో పట్టిన జంగు చూడ్డానికి వికారమే తప్ప ప్రాణాపాయం కాదు. అందరూ మొదట దాన్నే బాగుచేయిస్తారు, అది కనబడుతుంది కాబట్టి.

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. సీట్లు, కార్పెట్, ఫెల్టు అన్నీ తీసేసి, అడుగున పేరుకున్న తారులాంటి పూతను గీకి, చిన్న సుత్తెతో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోవాలి. మంచి రేకు ఖంగుమంటుంది, చచ్చిన రేకు తడి అట్టను కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోట పాత స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవాలి, గుచ్చుకుపోతే పోనివ్వాలి. పుట్టీ దాగిన చోట అయస్కాంతం పట్టదు. పైకి రూపాయి బిళ్లంత కనిపించిన జంగు లోపల జానెడు పరుచుకుని ఉండడం మామూలే గనుక, అంచనాను మొదటే రెట్టింపు వేసుకోవడం మంచిది. కమాను పట్టీల కొక్కేలు, ముందు సస్పెన్షన్ బోల్టులు దిగే చోట్లు, స్టీరింగ్ పెట్టె కూర్చునే చోటు గుల్లబారితే మాత్రం ఇంటి దగ్గర ముట్టుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అక్కడ కొన్ని మిల్లీమీటర్ల తేడా వచ్చినా కారు ఒక పక్కకు లాగుతుంది, అతుకు విడితే చక్రమే తప్పుతుంది. ఆ పనిని కొలతల ఫ్రేము మీద బాడీని కూర్చోబెట్టి చేసే షాపుకే అప్పగించాలి.

దసరా దాటాక మొదలుపెట్టి ఎండలు ముదరక ముందే ముగించుకోవడం మన దగ్గర అనువైన పద్ధతి. వానాకాలంలో, గీకిన రేకు తెల్లారేసరికి మళ్లీ ఎర్రబారుతుంది; ఏప్రిల్, మే ఎండలకు కలిపిన ఎపాక్సీ ప్రైమరు (రంగు కింద పూసే పూత) డబ్బాలోనే గట్టిపడుతుంది.

కోయడానికి ముందు కారు ఆకారాన్ని కట్టిపడేయాలి, ఎందుకంటే సిల్ కోసిన క్షణం నుంచి బాడీ నడుము వంగడానికి సిద్ధంగా ఉంటుంది. సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద నాలుగు గట్టి స్టాండ్లను సిల్ కింద కాకుండా, కారు చక్రాల మీద నిలిచినప్పుడు బరువు ఎక్కడ పడుతుందో ఆ చోట్లకు దగ్గరగా పెట్టాలి. ఇటుకల మీదనో జాకీ ఒక్కదాని మీదనో నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపును మించినది లేదు: దాని రెండు కొసలను బాడీకి అటు ఇటు ఒకేలా ఉండే బోల్టు రంధ్రాల పక్కన పట్టుకుని, రెండు వైపులా నీటిమట్టం కలిసేదాకా స్టాండ్ల కింద పలుచని ఇనుప ముక్కలు పెట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాత తలుపు ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి 25 మి.మీ. చదరపు పైపును ఒకటి మూల నుంచి మూలకు ఏటవాలుగా, ఇంకొకటి అడ్డంగా టాక్ (చిన్న వెల్డింగ్ చుక్క) వేసి బిగించాలి. మూలకు మూల కొలతలు తీసి, తలుపు చుట్టూ సందులు ఎన్ని మిల్లీమీటర్లున్నాయో గోడ మీదనే రాసి పెట్టుకోవాలి. ఒక పక్క పని పూర్తిగా ముగిసేదాకా రెండో పక్క సిల్‌ను ముట్టుకోవద్దు. నేను తొందరపడి ముందు కోసి తర్వాత పైపు బిగించాను. తలుపు కింది సందు 4 మి.మీ. మూసుకుపోయింది, దాన్ని మళ్లీ జాకీతో తెరుచుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది.

నిప్పు విషయంలో చాదస్తం ఉన్నా తప్పు లేదు. పెట్రోలు ట్యాంకును దించి వాకిలి దాటించాలి. ఖాళీ ట్యాంకులో నిలిచే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. బ్యాటరీని తీసేసి, ఆల్టర్నేటర్ లేదా డైనమో వైర్లను విప్పి, కోసే చోటికి దగ్గరున్న వైర్లను, బ్రేకు పైపులను పక్కకు జరపాలి. పొడి అగ్నిమాపక సిలిండరు ఒకటి, నీళ్ల బకెట్ ఒకటి, తడిపిన గోనెసంచి ఒకటి చేతికందేలా ఉండాలి. వెల్డింగ్ అయిపోయాక గంటసేపు అక్కడే కూర్చుని, రేకు వెనక ఏదైనా రగులుతోందా అని చూడాలి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనరుతో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే విషవాయువు పుడుతుంది. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు గనుక పొడిగా రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

కోసేటప్పుడు జాలి చూపకూడదు. గ్రైండర్‌కు పలుచని కటింగ్ వీల్ తొడిగి, జంగు ఆగిందనిపించిన గీతకు ఇంకో అంగుళం అవతల, తెల్లగా మెరిసే నిండు మందం రేకు దొరికేదాకా కోయాలి. కాగితంలా పలచబడిన అంచుకు వెల్డింగ్ నిలవదు, కాలి రంధ్రమవుతుంది. ముక్క మూలలను గుండ్రంగా ఉంచితే అక్కడ పగులు మొదలవదు. పై రేకు తీశాక లోపలి అడ్డ పట్టీ కూడా కనబడుతుంది. దానికి జంగు ఉంటే ముందు దాన్నే బాగుచేసి, ఆ తర్వాత పై రేకు వేయాలి. గతంలో అతికిన వాళ్లు చాలామంది వదిలేసేది దీన్నే. కోసి తీసిన పాత ముక్కను పారేయకుండా దాచాలి, అదే కొత్త దానికి అచ్చు.

అట్టముక్క మీద ఆకారం గీసి, కారుకు ఆనించి సరిచూసుకున్నాకే రేకు కోయాలి. ఫ్లోరుకు 20 లేదా 18 గేజీ, అంటే సుమారు 0.9 నుంచి 1.2 మి.మీ. మందం ఉన్న సీఆర్ షీటు (కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు) సరిపోతుంది. జాకీ ఆనే చోటికి, సిల్ లోపలి పట్టీకి 16 గేజీ వేయవచ్చు. అసలు రేకు మందాన్ని మంచిగా ఉన్న చోట కొలిచి దానికి దగ్గరగా ఉంచాలి. మరీ మందం రేకు పక్కన పలుచని పాత రేకు త్వరగా చీలుతుంది. ఇంటి పైకప్పుకు వేసే జీఐ రేకు వాడకూడదు, దాని జింకు పూత కాలి వచ్చే పొగ పీల్చిన రాత్రి చలిజ్వరం తప్పదు.

గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డరు ఎంత చేయి తిరిగినవాడైనా, కడ్డీ వెల్డింగ్ మిల్లీమీటరు రేకును ఇట్టే కాల్చేస్తుంది. పాత డెంటర్ల గ్యాస్ మంటకు ఆ బాధ తక్కువే గానీ, వేడి దూరం దాకా పాకి రేకు అలలు తేలుతుంది. ఈ పనికి, గ్యాసు కమ్ముకుని ఉండగా సన్నని తీగ కరిగి అతికే సీఓటూ వెల్డింగే తగినది: 0.8 మి.మీ. తీగ, దొరికితే ఆర్గాన్ కలిసిన గ్యాసు, ఇంట్లో 16 ఆంపియర్ల పవర్ ప్లగ్, మందం తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్. ఫ్యాన్ ఆపేయాలి, గాలికి గ్యాసు చెదిరితే అతుకు నురుగులా గుల్లబారుతుంది. ముందు తుక్కు రేకుల మీద సాధన చేసి, అతికిన ముక్కను వైసులో బిగించి వంచి చీల్చి చూడాలి. అతుకు ఊడకుండా పక్కనున్న రేకు చీలితేనే కారును ముట్టుకునే అర్హత వచ్చినట్టు.

ముక్కను కూర్చోబెట్టి 25 మి.మీ.కు ఒక చుక్క చొప్పున, ఒక చుక్క ఈ కొసకు, తర్వాతిది ఆ కొసకు వేస్తూ, మధ్యలో రేకు చేయి పెట్టగలిగేంత చల్లారేదాకా ఆగుతూ చుక్కలను కలుపుకు రావాలి. ఒకే గీతగా లాగితే రేకు అప్పడంలా ముడుచుకుంటుంది. ఒకదానిపై ఒకటి వచ్చే అంచుల్లో, పై రేకుకు 6 మి.మీ. రంధ్రాలు వేసి, వాటిలోంచి కింది రేకు కరిగేలా నింపితే ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగుకు సాటి వస్తుంది. ఆ అంచుల లోపల మూసే ముందే జింకు ప్రైమరు పూయాలి. మధ్య మధ్యలో తలుపు మూసి, గోడ మీది కొలతలతో సందులు సరిచూస్తూ ఉండాలి.

ఫాస్ఫారిక్ ఆమ్లపు జంగు మందు పైపై మరకలకే పనికొస్తుంది, గుల్లబారిన రేకుకు బలం ఇవ్వదు. ఫైబరు గుడ్డ, రివెట్లు కూడా అంతే. అతుకును సాపు చేశాక ఎపాక్సీ ప్రైమరు, అది ఆరాక సందులకు సీలెంటు, ఆపైన అడుగు పూత. వీటన్నిటికంటే సిల్ లోపలికి సన్నని గొట్టంతో కొట్టే మైనపు పూత ముఖ్యమని నేను నమ్ముతాను. వెల్డింగ్ వేడికి లోపలి వైపు రంగంతా కాలిపోయి ఉంటుంది, మళ్లీ జంగు మొదలయ్యేది అక్కడే. అడుగు రంధ్రాల్లోంచి మైనం చుక్కలు కారేదాకా కొట్టి, ఆ రంధ్రాలు పూడకుండా పుల్లతో తెరిచి ఉంచాలి.

ఛాసిస్ నంబరు చెక్కిన చోట గ్రైండర్ తగలనివ్వకూడదు. అది ఎక్కడుందో ఆర్సీతో ముందే పోల్చుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏండ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించుకునే వీలుంది గానీ, బాడీలో, ఛాసిస్‌లో, ఇంజన్‌లో మార్పులు ఉండరాదని కూడా అందులోనే ఉంది. అందుకని ప్రతి ముక్కను అసలు ఆకారంలోనే వేసి, కోయక ముందు, కోశాక, అతికాక ఫొటోలు తీసి ఉంచుకోవాలి.

అంతా అయ్యాక కార్పెట్ వేసే ఆత్రం ఆపుకోవాలి. మొదటి వానాకాలమంతా ఫ్లోరును బట్టబయలుగానే ఉంచి, గట్టి వాన పడిన మర్నాడల్లా టార్చి వేసి అతుకుల వెంట చేయి పెట్టి తడుముతూ పోతే నీళ్లు ఏ రబ్బరు సందు నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. మా కారుకు అది ముందు అద్దం ఎడమ మూల. కొత్త రబ్బరు వేసిన తర్వాతే ఫెల్టు పరిచాను.