బ్రెస్ట్ బయాప్సీ రిపోర్టు చదువుదాం - 4: అటిపియా ఉందా, లేదా?

పోయిన పాఠంలో హైపర్‌ప్లేసియా అంటే పాలనాళాల్లో కణాలు ఎక్కువగా పెరగడం అని చెప్పుకున్నాం. అది చదివాక చాలామంది తమ రిపోర్టులో ఆ మాట చూసి, క్యాన్సర్ మొదలైపోయిందని టెన్షన్ పడ్డారు. ఒకామెకు నిద్రే పట్టలేదట. అందుకే ఫైబ్రోఎడినోమా (రొమ్ములో వచ్చే, క్యాన్సర్ కాని గడ్డ) పాఠం వచ్చేసారికి జరిపాను.

మామూలు డక్టల్ హైపర్‌ప్లేసియాలో కణాల సంఖ్య పెరుగుతుంది, తీరు మారదు. ముందుముందు క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. స్క్లిరోజింగ్ ఎడినోసిస్ (పాలగ్రంథులు పెరిగి, చుట్టూ గట్టిపడటం) కూడా ఈ వరసలోదే. కణాల తీరు కూడా మారితే అటిపియా. అప్పుడు సుమారు నాలుగు రెట్లు. ఈ తేడాను 1985లో డ్యూపాంట్, పేజ్ అనే పరిశోధకులు స్పష్టంగా చూపించారు. అమెరికాలోని మేయో క్లినిక్‌వాళ్లు అటిపియా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే, 25 ఏళ్లలో నూటికి దాదాపు 30 మందికి క్యాన్సర్ వచ్చింది. మిగతా 70 మందికి రాలేదు. ఆ ముప్పు రెండు రొమ్ములకూ ఉంటుంది.

ఇక నాకు అసలు నచ్చని అలవాటు: గడ్డ పేరు చూసి రిపోర్టు మడిచేయడం. పైన 'ఇంట్రాడక్టల్ పాపిలోమా' (పాలనాళంలోని గడ్డ) అని ఉంటుంది. మామూలు గడ్డేలే అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కింద చిన్న అక్షరాల్లో 'విత్ ఏడీహెచ్' అని ఉంటుంది. ఏడీహెచ్ అంటే అటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా. పాపిలోమాలో, మచ్చలాంటి రేడియల్ స్కార్‌లో, ఒక్కోసారి ఫైబ్రోఎడినోమాలో కూడా అటిపియా ఉండొచ్చు. నేనైతే ముందు అటిపియా అన్న మాట వెతుకుతాను, గడ్డ పేరు తర్వాతే చూస్తాను.

సూదితో తీసిన ముక్కలో ఏడీహెచ్ వస్తే తరచుగా సర్జరీ చెబుతారు. డాక్టరు ఏదో దాస్తున్నారని అనుకోకండి. ఏడీహెచ్ కణాలు, లో గ్రేడ్ డీసీఐఎస్ (పాలనాళం దాటని, నెమ్మదిగా పెరిగే తొలిదశ క్యాన్సర్) కణాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. ఎంత మేర వ్యాపించిందన్నదే ముఖ్యమైన తేడా. చాలామంది పాథాలజిస్టులు 2 మిల్లీమీటర్లను హద్దుగా పెట్టుకుంటారు. సన్నటి సూది ముక్కలో ఆ హద్దు తేలదు. పక్కన ఏముందో చూడాలంటే ఆ భాగం తీయాల్సిందే.

ఎల్‌సీఐఎస్ (లోబ్యులార్ కార్సినోమా ఇన్ సిటు - పాలగ్రంథుల్లో కణాలు అసహజంగా పెరగడం) పేరులో కార్సినోమా, అంటే క్యాన్సర్ అన్న మాట, ఉన్నా, 2018లో అమల్లోకి వచ్చిన ఏజేసీసీ స్టేజింగ్ (క్యాన్సర్ దశలను నిర్ణయించే అమెరికా పద్ధతి) దాన్ని క్యాన్సర్‌గా లెక్కించదు.

అభ్యాసం: 'కోర్ బయాప్సీ, కాలమ్నార్ సెల్ ఛేంజ్, ఫ్లాట్ ఎపిథీలియల్ అటిపియా, కాల్షియం చుక్కలు ఉన్నాయి.' (కోర్ బయాప్సీ అంటే సూదితో ముక్క తీయడం; కాలమ్నార్ సెల్ ఛేంజ్ అంటే కణాలు పొడవుగా, స్తంభాల్లా మారడం.) ఇందులో అటిపియా ఎక్కడుంది? మామోగ్రామ్‌లో కనిపించిన చుక్కలు ఈ ముక్కలోకి వచ్చాయో లేదో ఎందుకు అడగాలి? సర్జన్‌ను అడగాల్సిన మూడు ప్రశ్నలు మీ సొంత మాటల్లో రాయండి.