కడుపుతో ఉన్నప్పుడు కొవ్వు రిపోర్టు, బరువు ఎలా చూసుకోవాలంటే

ఏడో నెలలో మా మేనకోడలు పలాస నుంచి ఫోను. "ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 240 అట, పక్కన ఎర్రగీత కొట్టేరు. ఏటైపోద్దత్తా?" డాక్టరు రాయలేదు, ప్యాకేజీలో చవగ్గా వస్తోందని తనే చేయించుకుంది. వాళ్ల అత్తగారు అప్పుడే నెయ్యి, జీడిపప్పు మాన్పించేసింది. పలాసలో ఉండి జీడిపప్పు లేదట!

ముప్పయ్యేళ్లు ఏఎన్‌ఎంగా చేశాను. నేను మొదట అడిగేది, ఏం తిని వెళ్లావని. ఇడ్లీలు, పంచదార టీ అంది. తిని ఇస్తే ఆ అంకె కొంత పెరుగుతుంది. పైగా కాగితం మీద వేసే 150 హద్దు కడుపుతో లేనివాళ్లది. నెలలు నిండేకొద్దీ హార్మోన్ల వల్ల కాలేయం కొవ్వు ఎక్కువ తయారుచేస్తుంది, బిడ్డకి కావాలి కదా. ఆఖరి నెలలకి ట్రైగ్లిజరైడ్స్ రెండు మూడింతలు, కొలెస్ట్రాల్ పాతిక నుంచి యాభై శాతం పెరగడం మామూలే. కాన్పయ్యాక దిగుతాయి. డాక్టరు చూడమంటే మూడు నెలలు పోయాక చూసుకోవచ్చు.

ముందునుంచే కొవ్వు ఎక్కువున్నవాళ్లు, సుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుకి చెప్పాలి. కొలెస్ట్రాల్ తగ్గడానికిచ్చే స్టాటిన్ మాత్ర వాడుతుంటే పిల్లల కోసం అనుకున్నప్పుడే చెప్పాలి. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే ఆలస్యం వద్దు. 1000 దగ్గర పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచే ప్రమాదముంది. పొట్ట పైభాగంలో నొప్పి వీపులోకి పొడిచి, వాంతులవుతుంటే గ్యాసని సోడా తాగి కూర్చోకండి. ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.

నన్నడిగితే ఆ రిపోర్టు కంటే బరువే నయం. ఒకే మిషను, గట్టి గచ్చు మీద పెట్టి, పొద్దున్నే ఒంటేలుకెళ్లొచ్చి, ఏమీ తినకముందు ఎక్కాలి. మూడో నెలలోపు బరువు కార్డులో రాయించుకోండి, తర్వాత లెక్కంతా దాన్నుంచే. మామూలు బరువువాళ్లకి మొత్తం 10–12 కిలోలు పెరగాలని మన ఆస్పత్రుల్లో చెప్తారు. మొదటి మూడు నెలల్లో కిలో రెండు కిలోలు, ఆపైన నెలకి కిలోన్నర నుంచి రెండు. బక్కపలచనివాళ్లు ఇంకా పెరగాలి, బాగా లావున్నవాళ్లకి 5–9 చాలు. వారంలో కిలో పైన పెరిగి, మొహం ఉబ్బి, తలనొప్పి, కళ్లు మసకలొస్తే బీపీ చూపించుకోండి, నెలనెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రిలో చేసే చెకప్ దాకా ఆగొద్దు.

ఇద్దరి తిండి తినాలంటారు గానీ, నాలుగో నెల నుంచి రోజుకి అదనంగా కావలసింది 350 కేలరీలే. గ్లాసు పాలు, గుప్పెడు వేరుశెనగ, ఒక అరటిపండు, అంతే. ట్రైగ్లిజరైడ్స్‌ని ఎక్కువ పెంచేది చెంచాడు నెయ్యి కాదు, తీపి, కుప్పగా పెట్టుకునే తెల్లన్నం.

ఆదివారం పలాస వెళ్లి వాళ్ల అత్తగారి చేతే నెయ్యి వేయించాను. సారెలో వచ్చిన కాజాల డబ్బా మాత్రం నేను పట్టుకొచ్చేశాను.