బోధ సరైనదో కాదో పరీక్షించడం ఎలా?

అచ్చు బైబిలు, పెన్సిలు, నోటు పుస్తకం చాలు. ఫోన్‌లోని బైబిలు పనికిరాదు. వెతికిన వచనం దొరుకుతుంది గానీ దాని ముందువెనుకలు చూడబుద్ధి కాదు.

కూడికలో బోధకుడు చదివిన వచనాల సంఖ్యలు రాసుకోండి. చక్కెర జబ్బుకు వాడే మందు మానేయడమే విశ్వాసమని చెబితే ఇక పరీక్షే అక్కరలేదు, లేచి వచ్చేయండి. వైద్యం విశ్వాసానికి విరోధం కాదు: చిత్తూరు వాళ్లు బస్సెక్కి వెళ్లే వేలూరు సీఎంసీ ఆసుపత్రిని 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టిన ఐడా స్కడర్ కూడా మిషనరీయే.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది. చెప్పిన వచనం బైబిలులో కనబడగానే బోధ నిజమని చాలామంది తృప్తిపడతారు. అబద్ధ బోధకుడు లేని వచనాన్ని చదవడు, ఉన్నదాన్నే చోటు తప్పించి చదువుతాడు. ఒక జనవరిలో తిరుపతిలో జరిగిన కూడికలో మీకు మేలు చేయాలన్నదే నా ఉద్దేశమని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 అచ్చువేసిన వాగ్దానపు కార్డులు పంచి, ఈ ఏడాదిలోనే అప్పులు తీరిపోతాయని చెప్పి, వెంటనే కానుక కవర్లు అందించారు. నా పక్కనున్న వృద్ధురాలు కొంగు ముడి విప్పి, నాలుగు మడతల నోటును చదును చేసి కవరులో పెట్టింది.

ఆ వచనానికి ఒక్క వచనం పైకి వెళ్లండి: బబులోను చెరలో డెబ్బై ఏళ్లు గడిచాకే విడుదల అని ఉంటుంది. ఇంకా పైన, ఎనిమిదో వచనంలో, మీ మధ్యనున్న ప్రవక్తల చేత మోసపోవద్దన్న హెచ్చరిక ఉంది. వెనుకటి అధ్యాయంలో రెండేళ్లలోనే అంతా చక్కబడుతుందని చెప్పిన అబద్ధ ప్రవక్త హనన్యా కనబడతాడు. అలాంటి తొందర వాగ్దానాలను నమ్మవద్దని చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరంలోని మాటనే ఆ కార్డు మీద అచ్చువేశారు! అందుకే ముందొక అధ్యాయం, తర్వాతొక అధ్యాయం చదవనిదే తీర్పుకు రాకూడదు.

బోధకుడి గుట్టు కోసం వీడియోలు వెతికేవారున్నారు. ఫలాలను, అంటే బోధకుడి బతుకు తీరును, చూడమని బైబిలు చెప్పింది నిజమే, కానీ అవి బయటపడటానికి ఏళ్లు పడుతుంది. బెరయ అనే ఊరివారు అపొస్తలుడైన పౌలు చెప్పినదాన్ని సైతం ప్రతిదినం లేఖనాలతోనే సరిచూశారు (అపొ. కార్యములు 17:11).

తేడా కనబడినా కేకలు వేయవద్దు; అది పొరపాటైనా కావచ్చు. బైబిలులో అపొల్లో అనే బోధకుడి బోధలోని కొరతను అకుల, ప్రిస్కిల్ల దంపతులు అతణ్ణి చేర్చుకుని సరిదిద్దారు. మీరూ బైబిలు తెరిచి బోధకుణ్ణి ఒంటరిగా అడగండి. దిద్దుకుంటే సంతోషం. దైవజనుణ్ణే ప్రశ్నిస్తావా అని గద్దిస్తే, అదే మాట విన్న ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని సంఘ పెద్దల దగ్గరికి వెళ్లండి. వాళ్లు తేల్చేదాకా ఆ కవరులో రూపాయి కూడా పెట్టకండి.