మెమ్స్ మిర్రర్ డెవలప్‌మెంట్ కిట్: లేజర్ చుక్క మాట వినకపోతే

ఇది యూఎస్‌బీతో నడిచే, ఎలక్ట్రోస్టాటిక్ (వోల్టేజ్ ఆకర్షణతో కదిలే) రెండు అక్షాల మెమ్స్ మిర్రర్ కిట్ల గురించి. మెమ్స్ మిర్రర్ అంటే చిప్ మీద ఉండి, లేజర్ చుక్కను అటూ ఇటూ తిప్పే చిన్న అద్దం. చుక్క తప్పుగా కదిలితే అందరూ ముందు అద్దాన్నే అనుమానిస్తారు. నిజానికి తేడా ఎక్కువగా పవర్‌లోనో, కేబుల్లోనో, ఫిల్టర్ సెట్టింగ్‌లోనో ఉంటుంది. పవర్ ఉండగానే మిర్రర్ కేబుల్ పీకితే మాత్రం బాగున్న అద్దం కూడా పోవచ్చు. డ్రైవర్ (అద్దానికి వోల్టేజ్ ఇచ్చే సర్క్యూట్) ఎనేబుల్ తీసేసి, యూఎస్‌బీ ఊడదీశాకే దాన్ని ముట్టుకోండి. పరీక్షలకు 1 మిల్లీవాట్ లోపు, క్లాస్ 2 లేజర్ చాలు.

చుక్క అసలు కదలదు

డ్రైవర్ ఎనేబుల్ అయిందా, బయాస్ (ఛానెళ్లన్నిటికీ ఎప్పుడూ ఉండే స్థిర వోల్టేజ్) పొరపాటున సున్నా మీద ఉండిపోలేదు కదా చూడండి. రెండూ సరిగ్గా ఉంటే తర్వాతి అనుమానం పవర్ మీద. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే. లేజర్, హై వోల్టేజ్ బూస్ట్ (వోల్టేజ్ పెంచే సర్క్యూట్) ఒకేసారి లేస్తే వోల్టేజ్ కుంగుతుంది. యూఎస్‌బీ మీటర్ పెట్టి ఎనేబుల్ నొక్కండి. 4.75 వోల్టుల కంటే కిందికి పడితే హబ్ తీసేసి, పొట్టి కేబుల్‌తో నేరుగా పోర్ట్‌కు కలపండి, లేదా లేజర్‌కు వేరే పవర్ ఇవ్వండి.

పవర్ బ్యాంక్ మీద కాసేపు నడిచి ఆగిపోతోందా? కిట్ లాగే కరెంటు మరీ తక్కువని పవర్ బ్యాంక్ తనంతట తానే ఆఫ్ అవుతోంది. తక్కువ కరెంటు మోడ్ ఉన్నది వాడండి.

ఒక అక్షమే కదులుతుంది

ఫ్లాట్ కేబుల్ వంకరగా కూర్చుని ఉండొచ్చు. లాక్ ఎత్తి, నిటారుగా లోపలికి తోసి, లాక్ వేయండి. తగ్గకపోతే అద్దం విప్పేసి, తగిన వోల్టేజ్ రేటింగ్ ఉన్న ప్రోబ్‌తో నాలుగు ఛానెళ్లూ కొలవండి. సిగ్నల్ సున్నాలో ఉన్నప్పుడు నాలుగింటిలోనూ ఒకే బయాస్ కనబడాలి.

మూలల దగ్గర తోకలు, గీతల్లో అలలు

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే. అద్దం స్ప్రింగుల మీద వేలాడుతుంది, డ్యాంపింగ్ (ఊపును అణచే గుణం) చాలా తక్కువ. ఒక్కసారిగా స్టెప్ (వోల్టేజ్‌లో హఠాత్తు మార్పు) ఇస్తే తన సహజ పౌనఃపున్యంలో, అంటే రెజొనెన్స్‌లో, చాలాసేపు ఊగుతుంది. డేటాషీట్‌లో రెజొనెన్స్ 1200 హెర్ట్జ్ అని ఉంటే లో-పాస్ ఫిల్టర్ కటాఫ్‌ను (ఏ పౌనఃపున్యం పైవాటిని ఫిల్టర్ ఆపాలో ఆ హద్దును) 600తో మొదలుపెట్టి, తోక పోయేదాకా తగ్గించండి. ఫిల్టర్ రకాల్లో బటర్‌వర్త్ కంటే బెసెల్ నయం, దాని స్టెప్‌లో ఓవర్‌షూట్ (గమ్యం దాటిపోవడం) దాదాపు ఉండదు. అద్దం మార్చాక సాఫ్ట్‌వేర్‌లో పాత కటాఫే మిగిలిపోతుంటుంది, అదీ చూడండి.

డేటాషీట్ లేకపోతే పూర్తి కోణంలో 1-2 శాతం సైన్ తరంగం ఇచ్చి, 100 హెర్ట్జ్ నుంచి పదేసి పెంచుతూ వెళ్లండి. గోడ మీది గీత ఉన్నట్టుండి సాగేదే రెజొనెన్స్. పెద్ద ఆంప్లిట్యూడ్‌తో ఈ పని చేయకండి, అక్కడ ఊపు పదుల రెట్లు పెరుగుతుంది.

ట్రయాంగిల్ స్కాన్‌లో ఇంకో మెలిక ఉంది. 100 హెర్ట్జ్ ట్రయాంగిల్‌కు 1100 దగ్గర పదకొండో హార్మోనిక్ (పదకొండు రెట్ల పౌనఃపున్యమున్న తరంగం) ఉంటుంది. దాని బలం మూల తరంగంలో 121వ వంతే. కానీ రెజొనెన్స్ సరిగ్గా అక్కడే ఉండి, క్యూ విలువ (రెజొనెన్స్‌లో ఊపు ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే అంకె) 50 అయితే అది మూల తరంగంలో 40 శాతం దాకా లేస్తుంది. స్కాన్‌ను 92 హెర్ట్జ్‌కు మార్చితే 11వ, 13వ హార్మోనిక్‌లైన 1012, 1196 మధ్య ఖాళీలో రెజొనెన్స్ పడి అలలు బాగా తగ్గుతాయి.

చతురస్రం వంకరగా వస్తుంది

బలం వోల్టేజ్ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఎదురెదురు ఛానెళ్లకు బయాస్ కూడిన సిగ్నల్, బయాస్ నుంచి తీసేసిన సిగ్నల్ ఇస్తే వర్గాల తేడా 4 × బయాస్ × సిగ్నల్ అవుతుంది, అంటే సరళరేఖే. ఒకే ఛానెల్ నడిపితే ఆ లాభం పోతుంది. రెండు ఛానెళ్లకూ సరిగ్గా ఇచ్చాకా వంకర ఉంటే అది 45 డిగ్రీల పతన కోణం (కాంతి అద్దాన్ని తాకే కోణం) చలవ. గ్రిడ్ చుక్కలు కొలిచి సవరణ పట్టిక పెట్టుకోవాలి.

చుక్క చుట్టూ మసక, లేదా కదలని రెండో చుక్క

2 మిల్లీమీటర్ల అద్దం 45 డిగ్రీల్లో బీమ్‌కు 1.4 మిల్లీమీటర్లుగానే కనబడుతుంది. అంతకు మించిన బీమ్ అంచుల్లో తగిలి చెదురుతుంది. కదలని చుక్క అద్దం మీద మూతలా ఉండే కిటికీ గాజు ప్రతిబింబం. మీ తరంగదైర్ఘ్యానికి తగిన యాంటీ-రిఫ్లెక్షన్ పూత ఉన్న కిటికీ వేయండి, లేదా ఆ చుక్కను నల్ల టేపుతో అడ్డుకోండి. 405 నానోమీటర్ల లేజర్‌కు బంగారు పూత అద్దం వాడకండి. కాంతిలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది.

ఒక పక్కకు వాలి అలాగే ఉండిపోయింది

వోల్టేజ్ హద్దు దాటి ప్లేటు అతుక్కుంది. సిగ్నల్ సున్నా చేసి, బయాస్ నెమ్మదిగా దించి, పవర్ ఆపండి. తట్టడం, ఊదడం వద్దు. మళ్లీ ఆన్ చేసినా వాలే ఉంటే ఆ అద్దాన్ని మార్చాల్సిందే. కొత్తది పెట్టే ముందు సాఫ్ట్‌వేర్‌లో గరిష్ఠ వోల్టేజ్ హద్దును దాని డేటాషీట్ ప్రకారం సరిచేయండి.